చిన్న గాను.. పెద్ద ఖర్చు!
ఫోర్ వీల్ జీపుకు స్టెప్నీ ఎంపికలో మెలకువలు

చౌటుప్పల్ ప్రాంతంలో బండి లేనిదే వ్యవసాయం సాగని రోజులివి. కూరగాయలు తెంపి తెల్లారేసరికి మార్కెట్‌కు చేర్చాలన్నా, ఎరువు బస్తాలు చెలక దాకా దింపాలన్నా జీపో, క్యాంపరో, ట్రాలీయో ఉండాల్సిందే. కొత్త బండి కొనే తాహతు లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి సెకండ్ హ్యాండులో ఫోర్ వీల్ జీపు తీసుకుంటున్నారు. వానాకాలం బురద తొవ్వల్లో దిగబడకుండా వస్తుందని వాటికి గిరాకీ. ఇంజను చూస్తారు, గేర్లు చూస్తారు, కాగితాలు చూస్తారు. చూడనిది ఒక్కటే. అది స్టెప్నీ. పంచరు అయిన నాడు గాని దాని సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

ఈమధ్య వస్తున్న కార్లలో చాలావాటికి డిక్కీలో చోటు కలిసొస్తుందని సన్నటి, చిన్న స్టెప్నీ ఇస్తున్నారు. దీన్నే స్పేస్ సేవర్ అంటారు. బరువు తక్కువ, ధర తక్కువ. పాత సామాను దుకాణాల్లోనూ ఇవి దొరుకుతున్నాయి. ‘‘అవసరానికే కదా, ఈ చిన్న గాను మన జీపుకు పెట్టుకుంటే పోలా?’’ అని అడిగే రైతులున్నారు. మామూలు కారుకైతే ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. నాలుగు చక్రాలకూ బలం వెళ్లే బండికి మాత్రం ఆ పొదుపే గేరు బాక్సు మీదికి తెస్తుంది. స్టెప్నీ మీద మిగిల్చుకున్నదానికి ఎన్నో రెట్లు హౌసింగ్ రిపేరుకు కట్టాల్సి రావచ్చు. అందుకే ఏ స్టెప్నీ పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నది కొనకముందే తెలుసుకోవాలి.

స్టెప్నీ పుట్టిందే తాత్కాలికంగా

మోటారు కార్లు వచ్చిన కొత్తలో వాటికి అదనపు చక్రం ఉండేది కాదు. పంచరు అయితే దారి పక్కన కూర్చుని టైరు ఊడదీసి అతుకు వేసుకోవాల్సిందే. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లానెల్లి అనే ఊరుంది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు ఆకులు లేని ఒక ఇనుప చట్రానికి టైరు ఎక్కించి, దాన్ని పంచరైన చక్రానికే బిగించుకునే ఏర్పాటు చేశారు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. ఆ వీధి పేరే చక్రానికి పేరయింది. అదే మన పల్లెల దాకా వచ్చింది.

అంటే మొదటి స్టెప్నీ కూడా ఊరు చేరేదాకా ఆదుకునే సాధనమే. ఇప్పటి చిన్న గానూ అంతే. కాలు విరిగినవాడికి ఊతకర్ర లాంటిది. కర్ర పట్టుకుని ఇంటికి నడవచ్చు గాని నాగలి పట్టలేం కదా!

1947 నుంచి మహీంద్రా కంపెనీ మన దేశంలో విల్లీస్ జీపులు తయారు చేస్తూ వచ్చింది. ఆ పాత జీపుల పక్కనో, వెనకనో తగిలించి ఉండే స్టెప్నీని చూడండి. కింద తిరిగే నాలుగింటికీ దానికీ తేడా ఉండదు. చోటుకు కరువై కాదు, సోకుకూ కాదు. ఫోర్ వీల్ బండికి అయిదు చక్రాలూ ఒకే కొలతలో ఉండాలన్న లెక్కతోనే అలా పెట్టారు.

కాడికి కట్టిన జోడెడ్లు

ఫోర్ వీల్ బండికి సమాన చక్రాలు ఎందుకు కావాలో అర్థం కావాలంటే ఎడ్ల జతను తలచుకుంటే చాలు. ఒక ఎద్దు పొడుగు, ఒకటి పొట్టి అయితే కాడి ఒక పక్కకు వాలుతుంది. రెండూ కలిసి అడుగు వేయలేవు. మెడలు కమిలిపోతాయి. ఫోర్ వీల్ వేసిన జీపులోనూ ఇదే జరుగుతుంది.

మామూలుగా నడిచేటప్పుడు జీపులో వెనక చక్రాలకే బలం వెళుతుంది. లివర్‌ను ఫోర్ వీల్‌కు మార్చగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టు అవుతాయి. ముందువి ఎన్ని చుట్లు తిరిగితే వెనకవీ అన్నే తిరగాలి. పొలంలో, బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద జారదు. ఆ బిగింపంతా గేర్ల పళ్ల మీద, షాఫ్టు జాయింట్ల మీద, క్రౌను మీద పడుతుంది. నాలుగు టైర్లూ సమానంగా ఉన్నా తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దని అందుకే చెబుతారు. మలుపు తిరిగేటప్పుడు ముందు, వెనక చక్రాలు నడిచే దూరాలు వేరవుతాయి. ఇక చక్రాల ఎత్తే వేరయితే, మలుపు లేని రోడ్డు మీద కూడా అడుగడుగునా బిగింపే.

లెక్క వేసి చూద్దాం

టైరు పక్కన అంకెలుంటాయి. 215/75 ఆర్15 అని ఉందనుకోండి. బొలెరో తరహా బండ్లలో ఎక్కువగా కనిపించే సైజు ఇది. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతులు టైరు గోడ ఎత్తు. 15 అంటే రిమ్ము కొలత అంగుళాల్లో. ఈ మూడూ కలిపి లెక్క వేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మి.మీ. వస్తుంది. ఒక్క చుట్టు తిరిగితే 2,210 మి.మీ. నడుస్తుంది. కిలోమీటరు పోవడానికి దాదాపు 452 చుట్లు తిరగాలి.

ఇప్పుడు దాని స్థానంలో 145/80, 16 అంగుళాల చిన్న స్టెప్నీ పెట్టామనుకుందాం. రిమ్ము ఒక అంగుళం పెద్దదే అయినా టైరు గోడ పొట్టి. మొత్తం ఎత్తు 638 మి.మీ. దాటదు. ఒక చుట్టుకు సుమారు 2,006 మి.మీ. మాత్రమే నడుస్తుంది. కిలోమీటరుకు 498 చుట్లు తిరగాలి. తేడా 46 చుట్లు. చౌటుప్పల్ నుంచి హైదరాబాద్ సుమారు 50 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఆ ఒక్క చక్రం పక్కదాని కంటే 2,300 చుట్లు ఎక్కువ తిరుగుతుంది.

రెండు పక్కల చక్రాల మధ్య ఈ తేడాను సర్దేది ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్. మెకానిక్కులు దాన్నే హౌసింగ్ అంటారు. అది మలుపుల్లో కాసేపు పని చేయడానికి పెట్టింది. తిన్నటి రోడ్డు మీద గంటల తరబడి ఒకే పక్కకు తిరుగుతుంటే లోపలి పళ్లు, వాషర్లు వేడెక్కుతాయి. నూనె పలచబడుతుంది. అరుగుదల మొదలవుతుంది. ఆ సమయంలో ఫోర్ వీల్ కూడా వేసి ఉంటే చెప్పనక్కర్లేదు. ముందు ఇరుసు సగటున కిలోమీటరుకు 23 చుట్లు ఎక్కువ తిరగాలని చూస్తుంది, వెనక ఇరుసు తిరగనివ్వదు. ఎక్కడో ఒకచోట తెగాల్సిందే.

సన్నమా, పొట్టా?

చాలామంది స్టెప్నీ సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా అని చూస్తారు. హౌసింగ్‌కు సంబంధించినంత వరకు అసలు సంగతి ఎత్తులో ఉంది. సన్నటి టైరైనా ఎత్తు సమానంగా ఉంటే చుట్ల లెక్క కుదురుతుంది. ఉదాహరణకు 155/90, 17 అంగుళాల తాత్కాలిక టైరు సన్నదే. దాని ఎత్తు 711 మి.మీ. వస్తుంది. మన 703తో పోలిస్తే తేడా నూటికి ఒక వంతే. కిలోమీటరుకు అయిదు చుట్ల తేడాతో సరిపోతుంది. అదే 145/80, 16 అంగుళాల దానికి తేడా నూటికి తొమ్మిది వంతులు దాటింది.

అయితే ఎత్తు కుదిరినంత మాత్రాన పని అయిపోదు. సన్నటి టైరుకు నేల మీద పట్టు తక్కువ. బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. దుబ్బ నేలలో, బురదలో కత్తిలా దిగిపోతుంది. కాబట్టి సన్నటి స్టెప్నీ ఎత్తు కుదిరినా రోడ్డుకే గాని పొలానికి కాదు.

వాడిన టైరు అరుగుదల కూడా ఎత్తును తగ్గిస్తుంది. టైరు పైభాగం 6 మి.మీ. అరిగితే మొత్తం ఎత్తు 12 మి.మీ. తగ్గుతుంది. చుట్టుకొలత సుమారు 38 మి.మీ. తగ్గుతుంది. కిలోమీటరుకు ఎనిమిది చుట్ల తేడా వస్తుంది. అంటే అదే కంపెనీ, అదే సైజు టైరైనా ఒకటి కొత్తది, ఒకటి గుండుది అయితే ఫోర్ వీల్‌కు అవి జత కావు. నాలుగు కొత్త టైర్లు వేయించి, పాతవాటిలో బాగా అరిగినదాన్ని స్టెప్నీగా పడేసుకునే అలవాటు మనకుంది. అలాంటి స్టెప్నీ పంచరు కొట్టు దాకా వెళ్లడానికే. దాంతో ఫోర్ వీల్ వేసి బురదలో లాగించొద్దు.

సుద్దముక్కతో కొలత

అంకెల లెక్క తలనొప్పి అనుకునేవాళ్లకు తేలిక మార్గం ఉంది. గచ్చు మీద గాని, గట్టి చదును నేల మీద గాని బండి నిలపండి. టైరు నేలకు తగిలే చోట టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత పెట్టండి. స్టీరింగ్ కదపకుండా బండిని మెల్లగా ముందుకు నెట్టండి. టైరు మీది గీత మళ్లీ నేలను తాకిన చోట ఇంకో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. తర్వాత స్టెప్నీని అదే చక్రం స్థానంలో బిగించి అలాగే కొలవండి. కొలిచేముందు రెండింటిలోనూ ఉండాల్సినంత గాలి ఉందో లేదో చూసుకోవాలి. గాలి తగ్గితే కొలత మారిపోతుంది. బండి బరువుకు టైరు కాస్త అణుగుతుంది గనుక ఈ కొలత పైన చెప్పిన లెక్క కంటే కొంచెం తక్కువ వస్తుంది. దానికి కంగారు పడక్కర్లేదు. రెండింటి మధ్య తేడాయే మనకు ముఖ్యం.

బండితో పాటు ఇచ్చే పుస్తకంలో ఎంత తేడా వరకు ఫరవాలేదో రాసి ఉంటే దాన్నే పాటించాలి. పుస్తకం లేకపోతే ఒకటే సూత్రం: ఫోర్ వీల్ వేసి నడిపే బండికి స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం, దాదాపు అంతే అరుగుదల ఉన్నది కావాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

ఎత్తు తర్వాత చూడాల్సింది బోల్టులు. కొన్ని బండ్లకు 5, కొన్నింటికి 6 ఉంటాయి. సంఖ్య సరిపోయినా వాటి మధ్య దూరం వేరుగా ఉండొచ్చు. నట్టు వంకరగా ఎక్కితే బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది. రిమ్ము మధ్య రంధ్రం హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి. నట్టు అంచు వాలుగా ఉందా, చదునుగా ఉందా అన్నదీ రిమ్ముకు తగ్గట్టు ఉండాలి.

తర్వాత బ్రేకు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులున్న బండికి చిన్న రిమ్ము పెడితే లోపల తగలొచ్చు. దుకాణంలోనే ముందు, వెనక రెండుచోట్లా ఎక్కించి చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడా రాసుకోకూడదు.

మూడోది మోసే శక్తి. టైరు సైజు పక్కనే రెండు మూడు అంకెలు, ఒక అక్షరం ఉంటాయి. అది బరువు గుర్తు. 90 అని ఉంటే ఆ టైరు 600 కిలోలు, 95 అయితే 690 కిలోలు, 100 అయితే 800 కిలోలు, 106 అయితే 950 కిలోలు మోస్తుంది. మీ బండికి కంపెనీ ఇచ్చిన టైరు మీద 100 ఉంటే, స్టెప్నీ మీద 90 ఉన్నది తీసుకోవడం తగదు. ఒక్కో చక్రానికి 200 కిలోల బలం తగ్గినట్టే. బత్తాయి లోడుతో వస్తున్నప్పుడు వెనక చక్రం పంచరైతే ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

నాలుగోది వయసు. టైరు గోడ మీద చిన్న చట్రంలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. బండి వెనక తగిలించిన స్టెప్నీ ఎండకు ఎండి, వానకు తడిసి ఇంకా తొందరగా పెళుసవుతుంది. ఆరేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించాలి. గోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే బటన్లు ఎంత బాగున్నా తీసుకోవద్దు. పదేళ్లు దాటినదాన్ని బండి కిందికి రానివ్వొద్దు.

అయిదోది బటన్ల లోతు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లు, జీపుల టైర్లకు కనీసం 1.6 మి.మీ. లోతు ఉండాలి. గాళ్ల మధ్య చిన్న దిమ్మెలుంటాయి. బటన్లు అరిగి ఆ దిమ్మెలతో సమానమయ్యాయంటే టైరు పని అయిపోయినట్టే. స్టెప్నీకీ ఈ లెక్క వర్తిస్తుంది.

చిన్న స్టెప్నీయే ఉంటే..

కొన్న బండితోనే చిన్న స్టెప్నీ వచ్చి ఉంటే పారేయక్కర్లేదు. దాన్ని ఎలా వాడాలో తెలిస్తే చాలు.

మొదట ఫోర్ వీల్ తీసేయాలి. లివర్‌ను టూ వీల్‌కు మార్చాలి. పాత జీపులు, జిప్సీల్లో ముందు హబ్బులకు తిప్పే తాళాలుంటాయి. వాటినీ ఫ్రీలో పెట్టాలి. వెనక హౌసింగ్‌లో లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉంటే చిన్న గానును వెనక పెట్టొద్దు. వెనక చక్రం పంచరైతే ముందుది ఒకటి తీసి వెనక్కి మార్చి, చిన్నదాన్ని ముందు పెట్టుకోవాలి. పని రెట్టింపే అయినా హౌసింగ్ దక్కుతుంది. అయితే ముందు చిన్న చక్రం ఉంటే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, బ్రేకు వేస్తే బండి పక్కకు పోతుంది. కాబట్టి వేగం బాగా తగ్గించుకోవాలి.

స్పేస్ సేవర్ల మీద సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు అని రాసి ఉంటుంది. అది దాటకూడని హద్దు. అంత వేగంతో పొమ్మని కాదు. మన గుంతల రోడ్ల మీద 40, 50 మధ్య పోవడం మేలు. లోడు ఉంటే దించేయాలి. వేరే బండికి మార్చి పంపాలి. నేరుగా దగ్గరలోని పంచరు కొట్టుకు వెళ్లి అసలు చక్రం బాగు చేయించుకుని వెంటనే మార్చాలి. ‘‘ఇంకో ట్రిప్పు కొట్టొచ్చి చేయిద్దాం’’ అనుకుంటే మొదటికే మోసం.

గాలి విషయంలో పొరపాటు జరుగుతుంటుంది. సన్నటి తాత్కాలిక స్టెప్నీల్లో చాలావాటికి 60 పౌండ్ల గాలి పట్టాలి. ఎంత పట్టాలో టైరు మీదే రాసి ఉంటుంది. కొట్టులో మామూలు కారు లెక్కన 30 కొట్టి పంపిస్తే అది సగం గాలితో నడిచినట్టు. వేడెక్కి పగులుతుంది. దగ్గర నిలబడి చెప్పి మరీ కొట్టించుకోవాలి.

లివర్ లేకుండా నిత్యం నాలుగు చక్రాలకూ బలం పంపే కార్లకు ఇంకా జాగ్రత్త కావాలి. చలి దేశాల్లో మంచు మీద జారకుండా ఇలాంటివి ఎక్కువగా వాడతారు. జపాన్‌కు చెందిన సుబారు కంపెనీ తన పాత ఆటోమేటిక్ కార్లు కొన్నింటిలో బానెట్ కింద ఒక ఫ్యూజు చోటు వదిలింది. చిన్న స్టెప్నీ వేసినప్పుడు అందులో ఫ్యూజు పెడితే వెనక చక్రాలకు బలం ఆగిపోతుంది. చేసినవాళ్లే అంత జాగ్రత్త పడ్డారంటే చక్రం ఎత్తు ఎంత ముఖ్యమో తెలుసుకోవచ్చు.

ముళ్లు, మోళ్లు మన శత్రువులు

2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంచరు కిట్టు ఉంటే మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదంది. పట్నంలో తిరిగే కారుకు అది చాలు. మన తొవ్వలు వేరు.

తంగడపల్లి వెళ్లినా, పీపల్‌పహాడ్ వెళ్లినా, నారాయణపురం దాటినా హైవే దిగగానే బాట పక్కన సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరు మధ్యలో దిగితే కిట్టుతో బత్తి ఎక్కించి పంపుతో గాలి కొట్టుకుని రావచ్చు. అయిదు పది నిమిషాల పని. కాని కంది కోసిన చెలకలో, పత్తి కట్టె కొట్టిన చేనులో ఏటవాలుగా నిలిచిన మోళ్లు టైరు గోడను చీలుస్తాయి. గోడ చిరిగితే ఏ బత్తీ నిలవదు. మొన దేలిన రాళ్లూ అంతే. కాబట్టి చేనులోకి దిగే బండికి కిట్టు ఉన్నా పూర్తి సైజు స్టెప్నీ తప్పదు.

కిట్టు, 12 వోల్టుల గాలి పంపు మాత్రం ఉండాల్సిన వస్తువులే. ఒక్కరు కొనడం భారమైతే పక్క చేన్ల వాళ్లు నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. ట్రాక్టర్ ట్రాలీకీ, మోటారు సైకిల్‌కీ కూడా పనికొస్తుంది. స్టెప్నీ మాత్రం ఉమ్మడిగా కుదరదు. ఎవరి బండిది వారికి ఉండాలి.

తక్కువ ఖర్చులో మంచి స్టెప్నీ

కొత్త టైరు కొనలేమన్న బెంగ వద్దు. మూడు మార్గాలున్నాయి.

ఒకటి, అయిదు టైర్లనూ వంతుల వారీగా తిప్పడం. ఎనిమిది పది వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీని కిందికి దించి, కిందివాటిలో ఒకదాన్ని స్టెప్నీగా పెట్టాలి. అయిదూ సమానంగా అరుగుతాయి. ఏది పంచరైనా జత కుదురుతుంది. నాలుగు టైర్ల పని అయిదు పంచుకుంటాయి గనుక మొత్తం సెట్టు ఎక్కువ కాలం వస్తుంది. బాణం గుర్తు ఉండి ఒకే దిక్కుకు తిరగాల్సిన టైర్లయితే ఏ పక్కకు వేస్తున్నామో చూసుకోవాలి.

రెండు, టైర్లు మార్చేటప్పుడు పాతవాటిలో అన్నిటికన్నా బాగున్నదాన్ని దుకాణంలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి. పైన చెప్పినట్టు అది టూ వీల్‌లో నడవడానికే.

మూడు, అదే మోడల్ బండి నుంచి తీసిన రిమ్ము, టైరు కలిపి సెకండ్ హ్యాండులో తీసుకోవడం. అప్పుడు బోల్టులు, బ్రేకు ఇబ్బందులు రావు. రిమ్ము అంచు వంగిందా, వెల్డింగ్ అతుకులున్నాయా అని తిప్పి చూడాలి. తయారీ అంకెలు చదవాలి. రీట్రెడ్ చేసిన టైరైతే ముందు చక్రానికి వాడొద్దు. దాని ఎత్తు కూడా మారి ఉంటుంది గనుక సుద్దముక్క పరీక్ష తప్పనిసరి.

సెకండ్ హ్యాండు జీపు కొనేటప్పుడు బేరానికి ముందే స్టెప్నీ దించమనండి. కింద నాలుగు మంచి టైర్లు వేసి, వెనక వేరే సైజుది కవరు తొడిగి పెట్టేవాళ్లుంటారు. జాకీ, వీల్ పానా ఉన్నాయా, నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయా చూసి, లేనివాటి ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

ట్రాక్టర్‌కూ ఇదే సూత్రం

ఫోర్ వీల్ ట్రాక్టర్లు ఇప్పుడు పల్లెల్లో పెరిగాయి. వాటిలో ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి కదా, మరి లెక్క ఎలా అని సందేహం రావచ్చు. చిన్న చక్రాలు ఎక్కువ చుట్లు తిరిగేలా లోపలి గేర్లను ముందే కుదిరిస్తారు. ముందు చక్రాలు వెనకవాటి కంటే కొద్దిగా, సాధారణంగా నూటికి 1 నుంచి 5 వంతులు, ముందుండి లాగేలా చేస్తారు. ఈ లెక్క చాలా సున్నితం. ముందు టైరు అరిగిందని దొరికిన సైజు వేసినా, వెనక ఒక్కటే పెద్దది మార్చినా అది చెడిపోతుంది. టైర్లు తొందరగా అరుగుతాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది, ముందు ఇరుసు పళ్లు విరుగుతాయి. మార్చాల్సి వస్తే కంపెనీ చెప్పిన జతనే, ఒక ఇరుసుకు రెండూ ఒకేసారి మార్చాలి. రోడ్డెక్కగానే ఫోర్ వీల్ తీసేయాలి.

హైవే మీద చక్రం మార్చేటప్పుడు

చౌటుప్పల్ మీదుగా పోయే జాతీయ రహదారిని ఇప్పుడు 65వ నంబరుగా పిలుస్తున్నారు. పాత 9వ నంబరు రోడ్డు ఇదే. రాత్రీ పగలూ బండ్లు ఆగవు. పంచరు కాగానే బ్రేకు గట్టిగా తొక్కకుండా స్టీరింగ్ నిలకడగా పట్టుకుని మెల్లగా ఎడమ పక్కకు, తారు దాటి నిలపాలి. టైరు కోసం చూసుకుని రోడ్డు మధ్యలో ఆపొద్దు. టైరు పోయినా మనిషి దక్కాలి. నాలుగు లైట్లూ వెలిగించి, ఎర్ర త్రికోణం చాలా వెనక పెట్టాలి. బండిలోని ఆడవాళ్లను, పిల్లలను దించి రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టాలి. చోటు ప్రమాదకరంగా ఉంటే తామే మార్చాలని పట్టు పట్టకుండా 1033 నంబరుకు ఫోన్ చేయొచ్చు. జాతీయ రహదారుల మీద సాయానికి పెట్టిన నంబరిది.

మిగతా చక్రాల ముందు, వెనక రాళ్లు పెట్టాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచాలి. నట్లను జాకీ ఎత్తకముందే కొంచెం వదులు చేయాలి. మెత్తటి నేల అయితే జాకీ కింద చెక్క పలక పెట్టాలి. తీసిన చక్రాన్ని బండి కింద అడ్డంగా పడేయాలి. జాకీ జారినా బండి దాని మీద నిలుస్తుంది. కొత్త చక్రం ఎక్కించి నట్లను ఎదురెదురుగా బిగించాలి. బండి దించాక మరోసారి గట్టిగా బిగించాలి. కొంత దూరం పోయాక ఆపి మళ్లీ చూడాలి.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

* ఫోర్ వీల్ బండికి అయిదు చక్రాలూ ఒకే సైజు, ఒకే తీరు.
* వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. సుద్దముక్కతో కొలిచి చూడండి.
* బోల్టులు, బ్రేకు, బరువు గుర్తు, తయారీ వారం చూశాకే డబ్బులివ్వండి.
* చిన్న స్టెప్నీ ఉంటే ఫోర్ వీల్ తీసి, లోడు దించి, మెల్లగా పంచరు కొట్టు దాకానే.
* నెలకోసారి స్టెప్నీ గాలి చూడండి. గాలి లేని స్టెప్నీ, నీళ్లు లేని బావి ఒకటే.
* చేనులోకి దిగే బండికి కిట్టు ఒక్కటే చాలదు.

పంట చేతికొచ్చే ముందు ఒక్క పూట ఆలస్యం ధరను మార్చేస్తుంది. ఆకుకూర వాడిపోతుంది, టమాట మెత్తబడుతుంది. ఈ వారం ఓ గంట తీరిక చేసుకుని మీ బండి స్టెప్నీ దించి, గాలి కొట్టించి, ఒకసారి ఎక్కించి చూడండి. కుదరకపోతే ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. అర్ధరాత్రి హైవే మీద లోడుతో తెలుసుకునే కంటే అది ఎంతో మేలు.